మూడొందల నంబరు లెన్సు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ చివర నేను కూర్చోకూడని చోట కూర్చుంటాను. ఆ ఒక్క కూర్చోవడంతో వీధి వీధంతా పని ఆగిపోతుంది. మా మామయ్య నాలుగు నెలల కష్టం మధ్యాహ్నం బస్సు తప్పిపోయేదాకా వస్తుంది. నన్ను ఎత్తుకుని తిప్పిన అత్తయ్య నన్ను ఇంటిపేరుతో సహా తిడుతుంది. ఇందులో తప్పు సగం పామర్రు ఫోటోగ్రాఫర్ డేవిడ్‌రాజుది. పావు విజయవాడ కెమెరా కొట్టు కామేశ్వరరావు గారిది. మిగిలిన పావు నాదని మా వాళ్ళంటారు. అననివ్వండి. నేను ఒప్పుకున్నానని మాత్రం మీరు అనుకోకండి.

ముందు డేవిడ్‌రాజు సంగతి. మా అక్క పెళ్ళికి ఫోటోలు తీసింది అతనే. స్టేజీ మీద చుట్టాలందరినీ వరసగా నిలబెట్టి, నా వైపు చెయ్యూపాడు.

"అన్నా, మీరు కొంచెం పక్కకి జరగండన్నా."

జరిగాను.

"ఇంకొంచెం."

జరిగాను.

"ఇంకొక్క అడుగు. అంతే అన్నా!"

ఆ ఒక్క అడుగుతో స్టేజీ అయిపోయింది. నేను వెళ్ళి వంటవాళ్ళు అరిటాకులు పేర్చుకున్న చోట దిగాను. పైన నవ్వులు. ఆ నవ్వుల మధ్య టక్కుమని ఫోటో. నెల తర్వాత ఆల్బం వచ్చింది. అందులో మా బావ వాళ్ళ పక్కింటివాళ్ళు కూడా నిండుగా, తలకాయలతో సహా ఉన్నారు. పెళ్ళికూతురి సొంత తమ్ముణ్ణి, నాది మాత్రం ఒక మోచెయ్యి వచ్చింది. చేతి గడియారం చూపించి అది నాదేనని రుజువు చేసుకోవలసి వచ్చింది. అయినా బావ వాళ్ళ నాన్నగారు ఇప్పటికీ అది వంటవాడి మోచెయ్యే అంటారు.

నేను మరిచిపోయే మనిషిని కాను. చిన్నప్పుడు నా పలక విరగ్గొట్టిన వాడి పేరు ఇప్పుడడిగినా చెప్తాను. ఆ ఆల్బం మూసిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. డేవిడ్‌రాజు మెళ్ళో వేలాడేదాని కంటే పెద్ద కెమెరా కొంటాను, మా చుట్టాల ఇళ్ళల్లో వాడు మళ్ళీ అడుగు పెట్టకుండా చేస్తాను.

మూడేళ్ళ తర్వాత గానీ కుదరలేదు. అప్పుడు నాకు ఇరవై ఆరు. మాది విజయవాడ వన్‌టౌన్‌లో చేనేత చీరల కొట్టు. మగ్గం పని మా తాతతో ఆగింది గానీ, నూలు గురించి మా ఇంట్లో పిల్లి కూడా రెండు మాటలు చెప్పగలదు. మాకు పుట్టుకతో తెలిసిన సత్యం ఒకటుంది. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం, సరుకు మేలు. నలభై నంబరు తువ్వాలుకి, ఎనభై రోజువారీ చీరకి, వంద పండగ చీరకి. నూట ఇరవై నంబరు చేతికొస్తే మా నాన్న కళ్ళకద్దుకుని గానీ బీరువాలో పెట్టరు.

ఈ సత్యాన్ని నెత్తిన పెట్టుకుని నేను కెమెరా కొట్టుకి వెళ్ళాను. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళినట్టే.

కామేశ్వరరావు గారు పెద్దాయన. ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో మెత్తటి గుడ్డ. కెమెరా పెట్టె తెరిచి నా ముందు పెట్టారు.

"ఇదండీ బాడీ. దీంతో పాటే ఈ లెన్సు వస్తుంది. కొత్తలో ఇది చాలండీ."

"పాటే వస్తుందంటే?"

"కంపెనీవాళ్ళే కలిపి ఇస్తారండీ."

నాకు అక్కడే అనుమానం పుట్టింది. "మేమూ చీరతో పాటు కవరు కలిపి ఇస్తామండీ. అది కట్టుకుని ఎవరన్నా పెళ్ళికెళ్తారా?"

ఆయన నవ్వలేదు. అది మొదటి అవమానం. ఆ లెన్సు తీసి తిప్పి చూశాను. దాని మీద పద్దెనిమిది నుంచి యాభై అయిదు అని ఉంది. పద్దెనిమిది! ఆ నంబరు నూలుతో మేము గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా నేయించం.

"ఇంకోటి చూపించండి."

బొమ్మలాంటి చిన్న లెన్సు ఒకటి చూపించారు. "ఇది యాభై. ఎఫ్ ఒకటీ పాయింట్ ఎనిమిది. చీకటి గదిలో కూడా బ్రహ్మాండంగా పడుతుందండీ."

"ఒకటీ పాయింట్ ఎనిమిదా?" అన్నాను. గోనెసంచికి కూడా అంత తక్కువ నంబరు ఉండదు.

"ఆ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిదండీ."

పాఠకులారా, నేను పుట్టిందే కొట్టులో. అమ్ముడుపోని సరుకుని అంటగట్టాలంటే ఏం మాట్లాడాలో నాకొకరు నేర్పాలా? 'రంగు వెలిసింది కాదమ్మా, ఇప్పుడదే ఫ్యాషను' అని నేనెందరికి చెప్పలేదు! అయినా నాకు నిజంగానే ఆసక్తిగా ఉంది. ఆ గాజు కళ్ళను ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూశాను. ఒకదాంట్లో ఊదా రంగు మెరుపు, ఒకదాంట్లో ఆకుపచ్చ. లోపల రెక్కల్లాంటివి ఏవో ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. అవెందుకు, ఇదేమిటి, ఈ గీతేమిటి, ఆ చుక్కేమిటి అని గంటన్నర అడిగాను. ఆయన గంటన్నర చెప్పారు. ఒక్క ముక్క నమ్మలేదు.

చివరికి అద్దాల బీరువాలో పై అరలో అది కనిపించింది. నల్లగా, పొడుగ్గా, పచ్చళ్ళ జాడీలా ఉంది. దాని మీద డెబ్భై అయిదు నుంచి మూడు వందలు అని రాసి ఉంది.

మూడు వందలు! నూట ఇరవైకే దణ్ణం పెట్టే వంశం మాది. నా చేతులు వాటంతటవే జోడించుకోబోయాయి.

"అది దూరపువాటికండీ," అన్నారు ఆయన నా చూపు గమనించి. "పిట్టలు, క్రికెట్టు... మీరెక్కడ తీస్తారు, ఇంట్లోనా బయటా?"

"ఎక్కడైనా తీస్తాను."

"ఇంట్లో అయితే దీంతో వెనక్కి నడవాల్సొస్తుందండీ. చాలా దూరం."

"నాకు కాళ్ళున్నాయండీ."

"పోనీ దీంతో పాటు ఆ చిన్నదీ ఉంచుకోండి. మొదటిసారి కదా, మీకు తెలీదు."

మీకు తెలీదు! రెండో అవమానం. ఆ మాటతో నా మనసు కొండపల్లి బొమ్మలా బిగుసుకుపోయింది. ఇక తల తిరగదు, మెడ వంగదు.

"ఆ పద్దెనిమిది నంబరుది నాకొద్దు. మీరే ఉంచుకుని ఎవరికన్నా ఇచ్చుకోండి," అని చెప్పి, జాడీని చంకన పెట్టుకుని బయటపడ్డాను.

మొదటి వారం స్వర్గం. బ్యారేజీ మీద నిలబడి దూరంగా ఇసుక తిన్నె మీదున్న కొంగ కంట్లోకి చూశాను. నదిలో పడవ మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషి నోట్లో బీడీ ఎంత మిగిలిందో చూశాను. మా డాబా మీద నుంచి నాలుగిళ్ళ అవతల ఎండబెట్టిన వడియాలు లెక్కపెట్టాను. లోకమంతా నాకు తెలియకుండా ఇన్ని పనులు చేసుకుంటోందా అని ఆశ్చర్యం. మా అమ్మ మాత్రం, "నన్నొకటి తియ్యరా," అని వెంటపడింది.

"సరే, ఎదురింటి మేడ మీదకెళ్ళి నిలబడు."

"నా ఫోటోకి వాళ్ళ మేడెందుకురా?"

ఆ ప్రశ్నలోనే నాకు రాబోయేదంతా ఉంది. కానీ విన్నదెవరు?

సరిగ్గా అప్పుడే మా వీరభద్రం మామయ్య ఫోన్ చేశాడు. పామర్రుకి అవతల కాలవగట్టు మీద నేతగాళ్ళ ఊరు ఆయనది. ఆయన నాలుగు నెలలుగా ఒకే చీర నేస్తున్నాడు. అంచు నిండా చేత్తో ఎత్తిన పువ్వులు. దాన్ని రాష్ట్రంలో జరిగే నేత పోటీకి పంపాలి. దరఖాస్తుతో పాటు ఒక ఫోటో ఉండాలట. చీర మగ్గం మీద ఉండగానే, నేతగాడు కూర్చుని నేస్తుండగా, మనిషీ మగ్గమూ మొత్తం కనపడాలి. ఫోను ఫోటోలు చెల్లవు. నేత సంఘం సెక్రటరీ ఎల్లుండి మధ్యాహ్నం బస్సుకి దరఖాస్తులు పట్టుకుని విజయవాడ వెళ్తాడు. అదే ఆఖరు రోజు. కిందటేడు ఫోటో సరిగ్గా లేదని మామయ్య దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ బాధ ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ అత్తయ్య అందరికీ చెప్పింది.

"డేవిడ్‌రాజుని రమ్మన్నా," అన్నాడు మామయ్య.

"వాడా! వాణ్ణి రావద్దను. నేను తీస్తా."

"ఒరే నారాయణా, నీకొచ్చా?"

"మామయ్యా, నా దగ్గరున్న లెన్సు ఎంత నంబరో తెలుసా? మూడొందలు."

మామయ్య గుళ్ళో మాట్లాడినంత మెల్లగా, "మూడొందలే!" అన్నాడు.

చూశారా? ఇంకెవరన్నా అయితే 'అయితే ఏంటి' అనేవారు. ఈ తప్పు చెయ్యాలన్నా, చేసినవాణ్ణి నమ్మాలన్నా మా ఇళ్ళల్లోనే పుట్టాలి.

చివరి రోజు పొద్దున్నే మొదటి బస్సుకి దిగాను. మామయ్య తెల్ల పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. గది నిండా మగ్గమే. మిగిలిన చోటులో నేనూ, నా జాడీ. మూడొందలుండగా డెబ్భై అయిదు ఎవరికి కావాలని లెన్సుని మూడొందల దగ్గరే తిప్పి ఉంచి, కెమెరా కంటికి పెట్టుకున్నాను. లోపల ఏదో కుయ్ కుయ్ అని అటూ ఇటూ తిరిగింది. అంతా మబ్బు. గోడకి వీపు ఆనేదాకా వెనక్కి వెళ్ళి నొక్కాను. అత్తయ్య వచ్చి కెమెరా వెనక తెరలోకి తొంగి చూసింది.

"ఏంట్రా ఇది, గొంగళిపురుగా?"

"మామయ్య కనుబొమ్మ అత్తయ్యా."

కొండంత లెన్సుతో కనుబొమ్మను పట్టాను. ఇంకోటి తీశాను. ఒక ముక్కు రంధ్రం. ఇంకోటి. చెవి, అదీ పొగమంచులో ఉన్నట్టు. 

"పోటీ చీరకిరా. ముక్కుకి కాదు," అంది అత్తయ్య.

"ఉండు అత్తయ్యా, గది ఇరుకు."

"ముప్పై ఏళ్ళుగా ఇందులోనే నేస్తన్నాడు. ఎవరికీ ఇరుకవ్వలా, నీ జాడీకే అయిందా?"

ఇల్లు ఇరకటం, లెన్సు మర్కటం. గుమ్మం దాటి వసారాలోకి వెళ్ళాను. గుమ్మానికి ఎదురుగానే మగ్గం కాబట్టి మామయ్య కనిపిస్తున్నాడు. కనిపించడమేమిటి, ఆయన కుడిచెయ్యి నా కళ్ళ ముందుకొచ్చి కూర్చుంది. చూపుడువేలు పక్కన ఒక సన్నటి గాడి. పోగు లాగీ లాగీ చర్మంలో పడిన గాడి. చిన్నప్పుడు ఆ చేత్తో ఎన్ని ముద్దలు తిన్నానో! ఆ గాడి ఎప్పుడూ చూడలేదు. పని మరిచిపోయి కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఒకటి నొక్కాను కూడా.

"వచ్చిందా ఒరే?" అన్నాడు మామయ్య కదలకుండా.

"వస్తోంది మామయ్యా. కొంచెం వెనక్కెళ్తే చాలు."

వసారా అయిపోయింది. మెట్లు దిగాను. ఇప్పుడు నడుము దాకా వచ్చాడు. వీధిలోకి వెళ్ళాను. మోకాళ్ళు వచ్చాయి గానీ మగ్గం సగమే. ఇంకొంచెం వెనక్కి వెళ్తే మొత్తం పడుతుంది.

ఆ పూట ఆ వీధిలో ఏం జరుగుతోందో మీకు చెప్పాలి. చీర పొడవునా ఉండే దారాలను పడుగు అంటారు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి, లేకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. వేల పోగులు, నడుమెత్తున, తెల్లగా, కాలవ గాలికి వణుకుతూ నా వెనకే ఉన్నాయి. నా కన్ను కెమెరాలో ఉంది.

"బాబూ, జరుగు!" అని ఒక కేక. అది గంజి పట్టిస్తున్న సుబ్బయ్య తాతది.

నేను విన్నాను. విని కూడా జరగలేదు. నా చెవిలో పడింది సుబ్బయ్య తాత గొంతు కాదు, స్టేజీ మీది డేవిడ్‌రాజు గొంతు.

"పక్కకి జరుగయ్యా!"

"నేను జరగను!" అని అరిచాను కెమెరా దించకుండా. "ఒకసారి జరిగి చూశాను!"

"ఏం చూశావో గానీ, వెనకమాల పడుగుందయ్యా!"

అప్పుడే కెమెరాలో మామయ్య, మగ్గం, చీర, అంచు, పువ్వులు మొత్తం పడబోతున్నాయి. ఇంకొక్క అడుగు. అంతే.

ఆ అడుగు వేశాను. తడి ఉయ్యాల మీద కూర్చున్నట్టయింది. ఒక్క క్షణం హాయిగా ఉంది. తర్వాత నా కింద పిట్... పిట్... పిటపిటమని, పెనంలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించింది. గంజి నడుము దాకా ఎక్కింది. కెమెరాని మాత్రం గోవర్ధనగిరిలా పైకెత్తి పట్టుకున్నాను.

కుంచెలు ఆగిపోయాయి. వీధంతా వచ్చింది. సుబ్బయ్య తాత నా మీదికి వంగి, కళ్ళనీళ్ళు పెట్టుకోవడమొక్కటే తక్కువగా అన్నాడు.

"వంద నంబరు నూలయ్యా అది! ముట్టుకుంటేనే తెగుద్ది. నువ్వు కూర్చున్నావ్!"

నంబరు పెరిగేకొద్దీ సన్నం. ఆ సత్యంలో రెండో సగం నాకు ఆ రోజు తెలిసింది, అదీ నా వెనక భాగం ద్వారా.

అత్తయ్య నన్ను ఇంటిపేరుతో తిట్టింది ఇక్కడే. తర్వాత లోపలికెళ్ళి ఫోను తీసింది. "డేవిడ్‌రాజూ, బాబూ, ఒక్కసారి రావయ్యా. బస్సు టైము అయిపోతంది. ఆ... మావాడే. ఆ... మోచెయ్యి వాడే."

ఆ వీధిలో ఒక కట్టుబాటుంది. తెంచినవాడే అతకాలి. చుట్టమైనా సరే, పట్నంనుంచి వచ్చినా సరే. నన్ను ఆ పడుగు పక్కన, మామయ్య కిటికీ ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టారు. సుబ్బయ్య తాత ఒక్క పోగు ఎలా అతకాలో చూపించాడు. రెండు కొసలు పట్టుకుని, వేళ్ళ మధ్య నలిపి మెలేస్తే ముడి కనపడకుండా కలిసిపోవాలి. నా చేతిలో ప్రతి ముడీ మిరియపు గింజంత వచ్చింది.

"ఇట్టా కడితే చీరకి మొటిమలొస్తయ్యయ్యా. విప్పు," అనేవాడు.

అరగంటలో బండి చప్పుడు. డేవిడ్‌రాజు దిగాడు. నన్ను చూశాడు. గంజి చూశాడు. నవ్వలేదు, ఆ మర్యాద నేను గుర్తుపెట్టుకున్నాను. కానీ నవ్వు ఆపుకోవడానికి హెల్మెట్ తియ్యకుండా ఉన్నాడు, అదీ గుర్తుపెట్టుకున్నాను.

"ఏ లెన్సన్నా?"

"మూడొందలు. ఎఫ్ అయిదూ పాయింట్ ఆరు."

"ఆ గదిలోనా?"

"అంకెలు పెద్దవి కదా అని..." 

అతను నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అన్నా, ఆ ఎఫ్ అంకె మీ నూలు నంబరు కాదు. భాగాల లెక్క. అర పెద్దదా, పావు పెద్దదా?"

"అరే."

"రెండంటే అర, నాలుగంటే పావు అనుకోండి. కింద అంకె పెరిగేకొద్దీ లెన్సు కిటికీ చిన్నదవుద్ది, లోపలికి వెలుతురు తక్కువొస్తది. ఇక పద్దెనిమిది, మూడొందలంటే ఎంత దగ్గర చూపిస్తదో అంతే. దగ్గరికి లాగేకొద్దీ చుట్టుపక్కల తెగిపోద్ది."

ఇంత తేలిక మాట కామేశ్వరరావు గారు నాకు చెప్పలేదు. చెప్పారేమో కూడా. చెప్పే తీరులో చెప్పలేదు.

డేవిడ్‌రాజు సంచీలోంచి చిన్న లెన్సు తీసి కెమెరాకి బిగించాడు. దాన్ని నేనెక్కడో చూశాను.

"కొత్తదా?"

"కొత్తదేనన్నా. నా పాతది పాడైతే కిందటి వారం విజయవాడ వెళ్ళా. ఆ ముందు రోజే ఎవరో మహానుభావుడు కెమెరాతో వచ్చినదాన్ని నాకొద్దని వదిలేసి వెళ్ళాడంట. కొట్టాయన ఆ కథ చెప్పి చెప్పి నవ్వాడు. కవరు కట్టుకుని పెళ్ళికెళ్తారా అన్నాడంట!"

అంటే కామేశ్వరరావు గారు నవ్వారు. నేను వెళ్ళాక, వేరేవాళ్ళ ముందు. మూడో అవమానం. నేను ఒక పోగు మరింత శ్రద్ధగా మెలేశాను.

అతను గదిలోకి వెళ్ళి, ఒక మూల గోడకి ఆనుకుని, ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకుండా నాలుగు ఫోటోలు తీశాడు. పామర్రు వెళ్ళి ప్రింటు వేయించి, బస్సు కదులుతుండగా సెక్రటరీ చేతికిచ్చాడు. బయల్దేరే ముందు మాత్రం నా కెమెరాలో ఫోటోలు చూస్తూ ఒకచోట ఆగాడు. కనుబొమ్మ దగ్గర కాదు, ఆ వేలి గాడి దగ్గర.

"ఇది మీరు తీశారా అన్నా?" అన్నాడు. కాసేపు చూశాడు. "నా లెన్సుకి ఇది పడదు."

ఆ మాట కూడా నేను మరిచిపోలేదు. మంచివి గుర్తుపెట్టుకోవడం అలవాటు లేక ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు, అంతే.

రెండు నెలలకి మామయ్య చీరకి రెండో బహుమతి వచ్చింది. బహుమతి సభలో ఆ ఫోటోని తలుపంత చేసి పెట్టారు. అందరం వెళ్ళాం. మామయ్య, మగ్గం, చీర, అంచు, ప్రతి పువ్వూ ఉన్నాయి. మామయ్య పక్కన కిటికీ. ఆ కిటికీలోంచి వీధి. ఆ వీధిలో పీట మీద, గంజితో అట్టకట్టిన ప్యాంటుతో, నాలుక కొస బయటపెట్టి పోగు అతుకుతూ నేను. కింద రాసి ఉంది: 'నేతగాడు వీరభద్రం, వెనక ఆయన సహాయకుడు'.

"కుటుంబమంతా మగ్గాన్నే నమ్ముకుందని న్యాయనిర్ణేతలకి బాగా నచ్చిందట్రా," అన్నాడు మామయ్య కళ్ళు తుడుచుకుంటూ. 

డేవిడ్‌రాజు వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "చూశారా అన్నా? ఈసారి మోచెయ్యి ఒక్కటే కాదు. మొత్తం వచ్చారు."

ఆ రోజు, ఆ ఫోటో సాక్షిగా, కృష్ణమ్మ సాక్షిగా, వంద నంబరు నూలు సాక్షిగా ఒట్టు వేశాను. ఇకమీదట లెన్సు మీది అంకెను నూలు నంబరులా చదవను. వెనక ఏముందో చూడకుండా వెనక్కి అడుగు వెయ్యను. ఎవరైనా జరగమంటే, డేవిడ్‌రాజు అయినా సరే, జరుగుతాను. పడుగు తొక్కనేల, పోగు కట్టనేల!

కాకపోతే ఒక్క సంగతి. ఆ ఫోటోని ఇప్పటికీ మా కొట్టులో గల్లాపెట్టె పైన తగిలించి ఉంచాం. వచ్చినప్పుడు మీరే దగ్గరికెళ్ళి చూడండి. కిటికీ చువ్వ అడ్డమొచ్చి నా ఎడమ చెవి పడలేదు. డేవిడ్‌రాజు అర అడుగు పక్కకి జరిగి ఉంటే పడేది.